శనివారం తారీఖు వేసిన ఫైలు

రాచెల్‌కి భయం ఎక్కువని మా ఆఫీసులో అందరికీ తెలుసు. లిఫ్టులో ఎనిమిదో మనిషి ఎక్కితే తను దిగిపోయి మెట్ల మీద వచ్చేది. మెయిల్ పంపే ముందు మూడుసార్లు చదివేది, పంపాక నాలుగోసారి చదివేది. బెళ్ళందూరులో ఆరో అంతస్తులో తొమ్మిదేళ్ళుగా ఆమె పక్క కుర్చీ నాది. ఆమెను ఆటపట్టించే అవకాశం ఈ తొమ్మిదేళ్ళలో ఒక్కటీ వదులుకోలేదు. నీకు భయపడ్డానికే జీతమిస్తున్నారా అనేవాణ్ణి. నవ్వి ఊరుకునేది. జూలై రెండో తారీఖు బుధవారం తర్వాత నేను ఆ మాట మళ్ళీ అనలేదు, అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

మా పనేమిటో రెండు ముక్కల్లో చెబుతాను. ఫోన్లనూ ఇంటర్నెట్‌నూ మోసే పెట్టెలు ఊరంతా ఉంటాయి. ఏ పెట్టెకు ఏ అమరిక ఉండాలి, దాన్ని ఏ కొలతలో చెప్పాలి అని రాసిపెట్టడానికి ఒక భాష ఉంది, దాని పేరు యాంగ్. అందులో రాసే ఒక్కో ఫైలును మాడ్యూల్ అంటాం. ప్రతి మాడ్యూల్ పైనా ఒక తారీఖు ఉంటుంది. లోపల ఏదైనా మారితే పైన కొత్త తారీఖు పడాలి, దాన్ని రివిజన్ అంటాం. ఒక మాడ్యూల్‌కి ఇంకో మాడ్యూల్‌తో పని పడితే, ఫలానా పేరుది, ఫలానా తారీఖుది కావాలి అని రాసి తెచ్చుకుంటుంది. అది ఇంపోర్ట్. తెచ్చుకునేటప్పుడు లోపల ఏముందో ఎవరూ తెరిచి చూడరు, యంత్రం కూడా చూడదు. పేరూ తారీఖూ కలిశాయంటే అదే ఫైలు. మా పనంతా ఈ ఒక్క నమ్మకం మీద నడుస్తుంది.

ఆ నమ్మకాన్ని మా ఆఫీసులో కాపలా కాసేది రాచెలే. నేను ఒకసారి ఒక అక్షరదోషం దిద్ది, ఇంత చిన్నదానికి తారీఖు ఎందుకులే అని వదిలేశాను. ఆమె నా కుర్చీ పక్కన నిలబడి తారీఖు వేసేదాకా కదల్లేదు. అలాంటి మనిషి ఆ తప్పు చేసింది. ఎందుకు చేసిందో తెలియాలంటే వాళ్ళ ఇంటి సంగతి కొంచెం చెప్పాలి.

వాళ్ళ నాన్న జయరాజు గారిది ఒంగోలు దగ్గర. బెంగళూరు వచ్చి ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే పనిలో ఉండేవారు. రాచెల్‌కి ఆరేళ్ళప్పుడు అక్కడ ఆదివారం డ్యూటీ తప్పనిసరి చేశారు. ఆయన ఒక్క ఆదివారం కూడా వెళ్ళలేదు. మూడోవారం ఉద్యోగం వదిలేశారు. తర్వాత నాలుగేళ్ళు ఆ ఇల్లు రాచెల్ వాళ్ళమ్మ కుట్టుమిషన్ మీద నడిచింది. లింగరాజపురంలోని వాళ్ళ తెలుగు సంఘంలో ఈ సంగతి తెలియని పిల్లవాడు లేడు. ఆయన కోపిష్టి అనుకోకండి, గొంతు పెంచి మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. నేను వాళ్ళింటికి వెళ్తే నా చెప్పులు ఎండలో ఉన్నాయని తీసి నీడలో పెట్టే మనిషి. ఆదివారం మాత్రం కూరగాయలు కొనరు, ఆటో ఎక్కరు, చర్చికి నడిచే వెళ్తారు.

రాచెల్‌కి మా కంపెనీలో ఉద్యోగం వచ్చిన వారం ఆయన ఆమె చేత సంఘంలో సాక్ష్యం చెప్పించారు. దేవుడు చేసిన మేలును అందరి ముందూ లేచి నిలబడి చెప్పడం వాళ్ళ ఆనవాయితీ. ఆదివారం లేని ఉద్యోగం దేవుడు నాకిచ్చాడు అని ఆమె చెప్పింది. జనం స్తోత్రం అన్నారు. ఆ తర్వాత ఏటేటా అదే వారం అదే సాక్ష్యం. మా ఐదో అంతస్తులో పనిచేసే ఫిలిప్ కూడా ఆ సంఘమే, అక్కడ గిటారు వాయిస్తాడు. రాచెల్ రాసిన మాడ్యూళ్ళను తన మాడ్యూల్లోకి తెచ్చుకునేది అతనే. అంటే ఆమె ఫైలు పైన ఏ తారీఖు పడినా మొదట చదివేది ఫిలిప్.

ఇక జూన్ పదిహేను, ఆదివారం. ఒక లైను తెగితే రెండో లైనుకు మారడానికి పెట్టె ఎంతసేపు ఆగాలి అనే కొలతను రాచెల్ ముందురోజే, అంటే పద్నాలుగో తారీఖు శనివారం, రాసి పెట్టింది. కొలత సెకండ్లలో అని రాసింది. ఆదివారం ప్రసంగం నడుస్తుండగా సంచీలో ఫోను వణికింది. పరీక్షల ఫలితం. అంకెలు పంపే పట్టీ ఆ అంకెను సెకండ్లలో కాదు, సెకనులో వెయ్యో వంతుల్లో ఇస్తుంది, పెట్టె మాత్రం ఫైలులో రాసిన కొలతనే నమ్ముతుంది. సోమవారం పొద్దున్నే ఆ ఫైలు అరవై రెండు చోట్లకు వెళ్ళాలి. ఆమె నాకు రెండుసార్లు ఫోన్ చేసింది. నేను హొసకోటేలో బంధువుల పెళ్ళి భోజనాల దగ్గర ఉన్నాను, చూసి కూడా ఎత్తలేదు. సోమవారం చూసుకోవచ్చులే అనుకున్నాను.

మధ్యాహ్నం జయరాజు గారు కునుకు తీస్తుంటే ఆమె లాప్‌టాప్ కొంగు కింద పెట్టుకుని మేడ మీదికి వెళ్ళింది. నీళ్ళ ట్యాంకు వెనక నీడలో కూర్చుని పని ముగించింది. ఇరవై నిమిషాల పని. మారింది ఒక్క మాట, సెకండ్లు అన్నచోట వెయ్యో వంతులు. తర్వాత తారీఖు దగ్గర ఆగిపోయింది. పదిహేను అని కొట్టింది, చెరిపింది. మళ్ళీ కొట్టింది, మళ్ళీ చెరిపింది. ఆ అంకె చూస్తే ఫిలిప్‌కి తెలుస్తుంది, ఫిలిప్‌కి తెలిస్తే సంఘానికి తెలుస్తుంది. నాన్న ఏమీ అనరు. ఏమీ అనకుండా ఆమె ముఖం చూస్తారు. చివరికి పద్నాలుగే ఉంచేసింది.

సోమవారం తారీఖు వేస్తే పోయేది కదా అని తర్వాత అడిగాను. చేయని రోజు తారీఖు వేస్తే అది అబద్ధం అంది. పాత తారీఖును ముట్టుకోకపోతే అబద్ధం ఆడినట్టు కాదట, చెప్పకుండా ఊరుకున్నట్టేనట. భక్తి గలవాళ్ళ మనసు ఎక్కడెక్కడ సందులు వెతుక్కుంటుందో చూడండి. శనివారం ఫైలు ఇంకా మా గది దాటలేదు, ఎవరి చేతికీ వెళ్ళని ఫైలుకు తారీఖు మార్చనవసరం లేదు అని ఆమె తనకు తాను చెప్పుకుంది. అది నిజమే అయితే తప్పు కూడా కాదు. కాని అది నిజం కాదు. ఫైళ్ళను పెట్టెలకు చేర్చే నవీన్, ఒక ఆసుపత్రి వాళ్ళు తొందరపెడితే, శనివారం సాయంత్రమే ఆ ఫైలును వాళ్ళకు ఎక్కించేశాడు. ఆ సంగతి ఆమెకు తెలియదు.

సోమవారం కొత్త ఫైలు అన్ని చోట్లకూ బయల్దేరింది. పంపే యంత్రం ఒక్కోచోట పేరూ తారీఖూ చూసుకుంటూ పోయింది. ఆసుపత్రి దగ్గర అదే పేరు, అదే పద్నాలుగో తారీఖు కనిపించాయి. ఉన్నదే కదా అని దాటేసింది. కొత్త కొలత ప్రకారం మూడు సెకండ్లు ఆగాలంటే అంకె మూడువేలు ఉండాలి. ఆ మూడువేలు మాత్రం అరవై రెండు చోట్లకూ ఒకే పట్టీ నుంచి చేరింది. అరవై ఒక్క చోట్ల అది మూడు సెకండ్లు. ఆసుపత్రిలో మూడువేల సెకండ్లు, అంటే యాభై నిమిషాలు. ఆ ఆసుపత్రి వాళ్ళకు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో అంబులెన్సుల ఫోను కేంద్రం ఉంది. అంబులెన్సు కావాలని చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఎవరు ఫోను చేసినా మోగేది అక్కడే, వచ్చేది మా పెట్టె మోసే లైను మీదే.

పదహారు రోజులు ఏమీ కాలేదు. లైను తెగలేదు కాబట్టి ఏమీ కాలేదు. జూలై రెండో తారీఖున మధ్యాహ్నం మూడింటికి, రోడ్డు పనుల కోసం ఆ కేబులును కోసి పక్కకు జరపాలని ముందే నిర్ణయమైంది. మూడు సెకండ్లలో రెండో లైను అందుకుంటుంది, ఏమీ తెలియదు అని మేమే ఆసుపత్రి వాళ్ళకు రాసిచ్చాం.

కోత ఉన్న రోజున ఆ చోటి అమరికలన్నీ తెరిచి చూసుకోవడం రాచెల్ అలవాటు. ఎవరూ చెయ్యమనకపోయినా చేసేది. ఒంటిగంటా నలభైకి ఆమె తెర మీద మూడువేలు, పక్కన సెకండ్లు అని కనిపించింది. నేను భోజనం చేసి అప్పుడే వచ్చాను. ఆమె ముఖంలో రక్తం లేదు. లిఫ్టులో తొమ్మిదో మనిషి కూడా ఎక్కినాడా అన్నాను. ఆమె నవ్వలేదు. లేచి వెళ్ళిపోయింది. భోజనానికి పోయిందనుకుని నా పని నేను చూసుకున్నాను. ఆ ఒక్కసారి ఏమైందని అడిగి ఉంటే ఎంత బాగుండేదో.

ఆమె భోజనానికి వెళ్ళలేదు. ఐదో అంతస్తుకూ ఆరో అంతస్తుకూ మధ్య, ఎవరూ వాడని మెట్ల మీద కూర్చుంది. నలభై నిమిషాలు. ఏం చేశావని అడిగితే, ఇంకెవరైనా దాన్ని కనిపెట్టేలా చెయ్యమని ప్రార్థించానంది. ఫోను చేతిలోనే ఉంది. రాజగోపాల్‌కి, అంటే మా మేనేజర్‌కి, ఒక్క మాట రాస్తే చాలు. మూడుసార్లు రాసి చెరిపేసింది. రాస్తే మొదటి ప్రశ్న తారీఖు గురించే వస్తుంది. రాయకపోతే మూడింటికి లైను తెగుతుంది. రెండూ తెలుసు. అయినా అక్కడే కూర్చుందట.

రెండూ ఇరవైకి వచ్చి నా పక్కన నిలబడింది. ఆసుపత్రిలో పాత ఫైలుంది అంది. నేను పోల్చిచూసే పట్టీ తెరిచాను. అరవై రెండు చోట్లా ఒకే పేరు, ఒకే తారీఖు, అన్నిటి పక్కనా పచ్చ గుర్తు.

"అంతా ఒకటే ఉండాది కదా రాచెల్. దేనికి భయపడతా ఉండావు?" అన్నాను.

ఆమె వంగి, రెండు ఫైళ్ళనూ నా తెర మీద పక్కపక్కన తెరిచింది. పైన ఇటూ పద్నాలుగు, అటూ పద్నాలుగు. కింద ఒక్క మాట తేడా. అప్పుడు నాకు అర్థమైంది. గడియారం రెండూ ఇరవై మూడు చూపిస్తోంది.

వెంటనే అందరినీ ఒక కాల్‌లోకి పిలిచాం. రాజగోపాల్, నవీన్, ఐదో అంతస్తు నుంచి ఫిలిప్, ఆసుపత్రి ఫోను కేంద్రం చూసుకునే షారోన్. కోత ఆపించాలని నేను కేబులు వాళ్ళకు వేరే ఫోను కలిపాను. వాళ్ళ మనుషులు అప్పటికే గుంతలో దిగారు, చెప్పి చూస్తాం అన్నారు. ఆ చెప్పి చూస్తాం అనే మాట మన ఊళ్ళో ఎంత చల్లగా అంటారో తెలుసు కదా. నాకు ఒళ్ళు మండింది. అరిచి లాభం లేదు.

నవీన్ ఒప్పుకోలేదు. తారీఖు కలిస్తే ఫైలు కలిసినట్టే, తెర తప్పు చూపిస్తోంది, కోత రోజున పెట్టెను ముట్టుకుంటే లేనిపోనిది కొనితెచ్చుకున్నట్టు అన్నాడు. అతని మాటలో తప్పు లేదు, అతనికి ఆ పాఠం నేర్పింది రాచెలే. ఆ ఒక్కచోట అంకె మూడుకు మారిస్తే సరిపోదా అని రాజగోపాల్ అడిగాడు. అంకె వచ్చేది అందరికీ ఒకే పట్టీ నుంచి, ఒక్కచోటికి వేరే అంకె వేసే ఏర్పాటు లేదు, మారిస్తే మిగతా అరవై ఒక్క చోట్లా చెడుతుంది. ఫైలే మారాలి. ఫైలు మార్చాలంటే నవీన్ నమ్మాలి. ఒకే తారీఖుతో రెండు ఫైళ్ళు ఎలా పుట్టాయి, ఎవరు చేశారు అని రాజగోపాల్ అడిగాడు.

రాచెల్ రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని గట్టిగా పట్టుకుంది. తెర మీద చిన్న గడిలో ఫిలిప్ ముఖం ఉంది. ఆమె దాన్నే చూస్తోంది. ఆ క్షణంలో ఎదురుగా పులి ఉన్నా ఆమె అంతకంటే భయపడేది కాదు. తప్పు నాదేనని నేను చెప్పేద్దామా అనుకున్నాను. తొమ్మిదేళ్ళ స్నేహం కదా. అనుకున్నానంతే, నోరు తెరవలేదు.

"నేనే చేశాను. ఆ ఫైలు శనివారంది కాదు, ఆదివారం మార్చాను. మా నాన్నకి తెలియకూడదని తారీఖు మార్చలేదు," అంది.

రాజగోపాల్‌కి అర్థం కాలేదు. ఆదివారం అయితే ఏమిటట, మేమందరం చేస్తాం కదా అన్నాడు. ఆమె పదిహేడు రోజులుగా గుండెల మీద మోస్తున్నది అతనికి అసలు తప్పుగానే కనిపించలేదు. ఫిలిప్‌కి మాత్రం తెలిసింది. తల వంచుకున్నాడు. మళ్ళీ ఎత్తినప్పుడు పని గురించే అడిగాడు. సరే, కొత్త ఫైలు ఏ తారీఖుతో వస్తుందక్కా అన్నాడు. ఇవాళ్టి తారీఖుతో అంది.

తర్వాత అంతా పరుగు. ఆమె వేళ్ళు అంత వేగంగా కదలడం నేను చూడలేదు. రెండూ నలభైకి ఫైలు సిద్ధం, పైన జూలై రెండు. పరీక్షకు పది నిమిషాలు పట్టింది. నవీన్ రెండూ యాభై రెండుకు పంపాడు. పెట్టెను సరిదిద్దే దారి వేరే ఉంటుంది, ఫోన్ల లైనుతో దానికి సంబంధం లేదు. ఫైలు చేరింది, పెట్టె తీసుకుంది. మేం తెర వైపు చూశాం. మూడువేల సెకండ్లు. మళ్ళీ తెరిచి చూశాం. మూడువేల సెకండ్లే. రాచెల్ మూలిగింది. రెండూ యాభై ఐదు, యాభై ఆరు. నవీన్ మళ్ళీ పంపాడు. చేరింది, తీసుకుంది, తెర మారలేదు. కేబులు వాళ్ళ నుంచి సమాధానం లేదు. గదిలో ఏసీ నడుస్తోంది, నా చొక్కా వీపుకు అంటుకుపోయింది.

మూడింటికి, సెకను అటూ ఇటూ కాకుండా, లైను పడిపోయింది. ఈ దేశంలో చెప్పిన సమయానికి జరిగే పని అదొక్కటే అయింది. షారోన్ కాల్‌లో నెమ్మదిగా, మా ఫోన్లు ఆగిపోయాయండి అంది. ఆ గదిలో ఇరవై ఫోన్లు ఒక్కసారిగా మూగబోతే ఎలా ఉంటుందో నేను ఊహించుకోదలచలేదు.

ఫిలిప్ కనిపెట్టాడు. "అక్కా, నా మాడ్యూల్ ఇంకా పద్నాలుగో తారీఖుదే అడుగుతోంది. నువ్వు పంపింది పక్కన పడి ఉంది, దాన్ని ఎవరూ అడగడం లేదు," అన్నాడు.

అదే జరిగింది. కొత్త తారీఖుతో ఫైలు వెళ్ళినా, దాన్ని తెచ్చుకోవలసిన మాడ్యూల్లో పాత తారీఖే రాసి ఉంది. అది అడిగింది, అడిగినదాన్నే తెచ్చుకుంది. ఇంపోర్ట్ మార్చాలని కొత్తగా చేరినవాళ్ళకు మొదటివారంలో రాచెలే చెబుతుంది. భయం ఆమె తెలివిని తినేసింది. ఫిలిప్ ఆ తారీఖు దిద్దాడు, తన మాడ్యూల్ పైన కూడా ఇవాళ్టి తారీఖు వేశాడు, పరీక్ష లేకుండానే పంపమన్నాడు. నవీన్ పంపాడు. మూడూ నాలుగుకు రెండో లైను అందుకుంది. షారోన్ వెనక ఫోన్లు మోగడం మాకు వినిపించింది.

నాలుగు నిమిషాలు. యాభై నిమిషాలు కావలసింది నాలుగుతో పోయిందని రాజగోపాల్ ఊపిరి వదిలాడు. రాచెల్ వదల్లేదు. ఒంటిగంటా నలభైకే చెప్పి ఉంటే అది సున్నా అయ్యేదని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఆ నాలుగు నిమిషాల్లో ఎవరెవరు ఫోన్ చేశారు అని షారోన్‌ని అడిగింది. అందని ఫోన్ల నెంబర్లు ఫోను కంపెనీ దగ్గర ఉంటాయి. పది నిమిషాల్లో పట్టీ వచ్చింది. ఏడు నెంబర్లు. అందులో ఒకటి మూడుసార్లు.

షారోన్ ఒక్కొక్కరికీ తిరిగి ఫోన్ చేయడం మొదలుపెట్టింది. మా కాల్ ఆపలేదు, స్పీకరులో మాకూ వినిపిస్తోంది. ఆరుగురు ఎత్తారు. ఇద్దరు అప్పటికే మళ్ళీ చేసి బండి తెప్పించుకున్నారు, ఒకరు డయాలిసిస్‌కి సమయం అడగడానికి చేశారట, మిగతా ముగ్గురికీ బండి వెళ్తోంది. ఏడోది మోగి మోగి ఆగిపోయింది. మూడుసార్లు చేసింది ఆ నెంబరే. షారోన్ మళ్ళీ చేసింది. మళ్ళీ ఆగిపోయింది.

ఇక మనం కాల్ ముగిద్దాం అని రాజగోపాల్ అన్నాడు. ఎవరూ ముగించలేదు. ఫిలిప్ తన గడిలో కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. మూడున్నర, నాలుగు. రాచెల్ నీళ్ళు కూడా తాగలేదు. ఎదురుచూడడం కంటే చెడ్డది లేదని మనం ఊరికే అంటుంటాం. ఆ రోజు నాకు, ఆ ఫోను ఎవరైనా ఎత్తుతారేమో అని కూడా భయం వేసింది. ఎత్తితే ఏం చెబుతారో వినాలి కదా.

నాలుగూ ఇరవైకి ఎత్తారు. ముసలి గొంతు. షారోన్ కన్నడంలో మొదలుపెట్టింది. ఆయన తెలుగులో జవాబిచ్చాడు. పేరు దొడ్డప్ప, దేవనహళ్ళి అవతల ఊరు. భార్య సొన్నమ్మ దొడ్లో పడిపోయింది, మూతి పక్కకు పోయింది. ఊళ్ళో ఎప్పుడో పెట్టిన క్యాంపులో ఇచ్చిన కార్డు మీద నెంబరు చూసి చేశాడు. చివరికి ఎవరిదో ఆటోలో వేసుకుని దేవనహళ్ళిలో వేరే ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఇప్పుడు ఆ వరండాలోనే ఉన్నాడు.

ఎందుకు అందలేదో షారోన్ చెప్పబోయింది. అదే సమయానికి మా అందరి తెరల మీదా రాజగోపాల్ రాసింది పడింది. మన వైపు నుంచి ఎవరూ మాట్లాడకండి, లాయర్లు చూసుకుంటారు. ఆయన మాత్రం చెప్పుకుంటూ పోతున్నాడు.

"మూడు తూర్లు కొడితినమ్మా. ఎవురూ ఎత్తల్యా. నాకు కండ్లు సరిగా కనపడవు, నేనే తప్పు నెంబరు కొడతా ఉండాననుకుంటి. పక్కింటోళ్ళని పిలిచి కార్డు చూపిచ్చి, ఇంతలో టైము పాయ. ఇంత లేటు చేస్తే ఎట్లని డాక్టరు నన్ను కేకలేస్తా ఉండాడు. నా తప్పే కదా, నేనేం చెప్పేది?"

రాచెల్ చెయ్యి మైకు గుర్తు వైపు వెళ్ళింది. వద్దు అన్నట్టు నేను తల ఊపాను. దానికి కూడా నేను జవాబు చెప్పుకోవాలి. ఆమె నావైపు చూడలేదు.

"అయ్యా, మీరు కొట్టిన నెంబరు తప్పు కాదు. మూడుసార్లూ సరిగానే కొట్టారు. ఇక్కడ నేను చేసిన పొరపాటు వల్ల మీ ఫోను మోగలేదు. నా పేరు రాచెల్. మీ డాక్టరుకి అలాగే చెప్పండి," అంది.

అటువైపు ఎవరో స్ట్రెచరు తోసుకుపోతున్న చప్పుడు వచ్చింది. తిడతాడనుకున్నాను.

"అట్లనా," అన్నాడు దొడ్డప్ప. "మా ఇంటామె పడిన చోట్నుంచే నన్ను తిట్టె, ఫోను కొట్టేది గూడా రాదు నీకని. ఇప్పుడు మాట పోయింది. వినపడతాదంట. పోయి చెప్తాను. నీ పేరు ఇంకొక తూరి చెప్పమ్మా."

రాచెల్ మళ్ళీ చెప్పింది. ఈసారి ఆమె గొంతు వణకలేదని రాయాలని నాకు ఉంది. వణికింది.